మూడ్ బాలేదంటే సరిపోదు

"ఏమైంది?" "ఏం లేదు."

మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు నడుస్తుందో ఈ సంభాషణ! ఏదో ఉందని అడిగినవాళ్ళకీ తెలుసు, చెప్పినవాళ్ళకీ తెలుసు. కానీ ఆ 'ఏదో' ఏంటో చెప్పమంటే చాలాసార్లు నిజంగానే చెప్పలేం. పెద్ద కష్టమేమీ రాలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒంట్లో జ్వరం లేదు. అయినా పొద్దున్న బాగానే ఉన్న మనసు పదకొండింటికల్లా మబ్బు పట్టినట్టు అయిపోతుంది. సాయంత్రం ఎవరో ఫోన్ చేసి నాలుగు మాటలు మాట్లాడితే మళ్ళీ తేలికపడుతుంది. నేను రాస్తున్నది ఇలాంటి చిన్న చిన్న మార్పుల గురించే. డిప్రెషన్ సంగతి వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

ఇంటికి దీపం ఇల్లాలు అన్నారు కదా, దీపమన్నాక ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలని అందరి లెక్క. ఆవిడ మొహం కాస్త వాడితే ఇల్లంతా చీకటైనట్టు కంగారుపడతారు. దీపంలో నూనె ఎవరు పోస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాదు. దానికి తోడు వాట్సాప్‌లో పొద్దున్నే పువ్వుల బొమ్మతో వచ్చే సలహాలు: పాజిటివ్‌గా ఆలోచించండి, నవ్వుతూ ఉండండి, నవ్వితే సగం రోగాలు పోతాయి. రాని నవ్వు తెచ్చిపెట్టుకోవడం కూడా ఒక పనే అని, ఇంటి పనుల పట్టీలో అది ఇంకొకటి చేరిందని ఈ మెసేజీలు పంపేవాళ్ళకి తోచదేమో.

మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట కూడా ఇప్పుడు ఆ కోవలోకే చేరిపోతోంది. యాప్ వేసుకోండి, కళ్ళు మూసుకోండి, ప్రశాంతంగా ఉండండి. అసలు సంగతి అది కాదు. పాలీలో 'సతి' అంటారు దీన్ని. బౌద్ధుల సతిపట్ఠాన సుత్తంలో మనసుని గమనించడం గురించి చెప్పేటప్పుడు, కోపం వచ్చిన మనసుని కోపం వచ్చిన మనసుగా తెలుసుకోమన్నారు, అంతే. అక్కడ ఆ కోపాన్ని వెంటనే తరిమేయమని లేదు, లేనట్టు నటించమని అసలే లేదు. 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో దీర్ఘకాలపు నొప్పులున్న రోగుల కోసం దీన్ని ఒక కోర్సుగా మలిచారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో గోయెంకా గారి విపశ్యన శిబిరాలు 10 రోజులు మౌనంగా ఉండి నేర్చుకునేవి. వెళ్ళొచ్చినవాళ్ళు చాలా బాగుందంటారు. కానీ పది రోజులు పాలవాడికి, పిల్లల పరీక్షలకి, అత్తగారి మందులకి సెలవు చెప్పి వెళ్ళగలిగేవాళ్ళం ఎంతమందిమి? మనకి దొరికేది గిన్నెలు కడిగే పది నిమిషాలు. నా ఉద్దేశంలో అవి చాలు, కావలసిన పనిముట్టు మన భాషలోనే ఉంది కాబట్టి.

పనిముట్టు అన్నది మాటల గురించి. ఇప్పుడు ఏ వయసు వాళ్ళని అడిగినా "మూడ్ బాలేదు", "మూడాఫ్" అంటారు. అన్ని రోగాలకీ ఒకటే మాత్ర అన్నట్టు. మన పాత మాటలు ఇంత మొద్దుగా ఉండేవి కావు. ఒక్కోదానికి ఒక్కో రుచి ఉండేది.

చిరాకు పైపైన ఉండేది. మిక్సీ చప్పుడు, ఉక్కపోత, కాలిపోయిన బల్బు, ఆకలి, ఇవి చాలు దానికి. విసుగు అలా కాదు, అది ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల పుడుతుంది. "రేపు టిఫినేంటి?" అన్న ప్రశ్నలో తప్పేమీ లేదు, కానీ అది ఇరవయ్యేళ్ళుగా రోజూ వినిపిస్తున్న ప్రశ్న. దిగులుకి కారణం సరిగ్గా దొరకదు, ఆదివారం సాయంత్రాలు ఎక్కువ వస్తుంది. బెంగకి మాత్రం ఎప్పుడూ ఓ మనిషి ఉంటారు: హాస్టల్లో ఉన్న కొడుకు, ఊళ్ళో ఒక్కత్తే ఉన్న అమ్మ. గుబులు రాబోయేదాని గురించి, డాక్టర్ రిపోర్టు చేతికి వచ్చేదాకా ఉండేది. మా వరంగల్ వదిన 'రంది' అంటుంది. లోపల్లోపల తొలిచే ఆ బాధకి అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. ఇక అలక, అది బతిమాలించుకోవడానికే. అల్లుడుగారి అలకకి మనవాళ్ళు ఏకంగా పాన్పు వేసి మరీ మర్యాద చేశారు, కూతురి అలకకి కనీసం చాపైనా వేయలేదనుకోండి!

ఇన్ని మాటలు ఎందుకు చెప్తున్నానంటే, దేనికి ఏది కావాలో ఆ మాటలోనే ఉంది. చిరాకుకి అన్నమో నిద్రో చాలు. బెంగకి ఒక ఫోన్ కాల్. విసుగుకి రెండు రోజులు ఆ పని వేరేవాళ్ళు చేయడం. దిగులుకి చాలాసార్లు ఏమీ అక్కర్లేదు, కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. అన్నిటినీ 'మూడ్ బాలేదు' అనే ఒక్క డబ్బాలో వేస్తే, బెంగ ఉన్న మనిషి వెళ్ళి చీరల సైట్లు చూస్తూ కూర్చుంటుంది, ఆకలేసిన మనిషి పిల్లాణ్ణి కసురుతుంది.

మనసులో ఉన్నదానికి పేరు పెట్టడం వల్ల ఏం ఒరుగుతుందని అనిపించవచ్చు. 2007లో అమెరికాలోని యూసీఎల్‌ఏలో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషులని స్కానర్లో పడుకోబెట్టి, కోపంగా, భయంగా ఉన్న మొహాల ఫొటోలు చూపించారు. ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు, మెదడులో అమిగ్డలా అనే భాగం, అంటే ప్రమాదం వస్తోందంటూ గంట కొట్టే భాగం, తక్కువగా స్పందించింది. అవి ఫొటోల్లో మొహాలే, అత్తగారూ ఆడపడుచూ కాదు, నిజమే. అయినా మన అనుభవానికి దగ్గరగానే ఉంది. "అబ్బ, ఇది గుబులు" అని లోపల అనుకోగానే పట్టు కాస్త సడలడం మీరూ గమనించే ఉంటారు.

పేరు పెట్టాలంటే ముందు పట్టుకోవాలి కదా. నేను గమనించింది ఏంటంటే, మనసుకంటే ముందు చేతులకి తెలుస్తుంది. స్టీలు గిన్నెలు స్టాండులో పెట్టే చప్పుడుని బట్టి అమ్మ ఎలా ఉందో హాల్లో ఉన్న పిల్లలు చెప్పేస్తారు. ఆ చప్పుడు మనకీ వినపడాలి. విన్నప్పుడు పని ఆపనక్కర్లేదు. కుళాయి నీళ్ళు చేతికి ఎలా తగులుతున్నాయో, పళ్ళు బిగపట్టామో, భుజాలు చెవుల దాకా ఎక్కాయో చూసుకుని, రెండు మూడు సార్లు నిదానంగా ఊపిరి వదిలి, ఇదేంటి అని అడగడం. చిరాకా? బెంగా? పేరు దొరికితే సరే, దొరక్కపోతే "ఏదో బరువుగా ఉంది" అనుకున్నా చాలు. దాన్ని పంపేయాలని చూడక్కర్లేదు. అది ఉండగానే పప్పుకి తాలింపు పెట్టొచ్చు. ఒక్కటి మాత్రం, ఆ పూట ఫ్యామిలీ గ్రూపులో జవాబులు రాయకండి. 'ఓకే' అని రాసినా అందులో కారం కనపడుతుంది.

ఇందులో ఒంటి సంగతి కూడా చాలా ఉంటుంది. నెలసరికి ముందు వారం పదిరోజులు చాలామందికి మనసు పలచబడిపోతుంది. తేదీలు క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటే సగం అయోమయం తీరుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. సగం కంటే ఎక్కువమందిమి! ఎప్పుడూ నిస్సత్తువగా, ఏదీ చేయాలనిపించకుండా ఉంటే ధ్యానం కంటే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోవడం మేలు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట ఒకటుంది. ఉక్రోషం. కోపం వచ్చి, తిరిగి చెప్పలేక, గొంతులో ఉండలా ఆగిపోయేది. దీన్ని చిరాకు అనుకుని ఊపిరి పీల్చి వదిలేస్తే కుదరదు, అలా వదిలేయమనే సలహాతోనే నాకు పేచీ. చిరాకు వెళ్ళిపోతుంది. ఉక్రోషం మాత్రం మళ్ళీ అదే చోట, అదే విషయం మీద, అదే మనిషి దగ్గర వస్తుంది. అలా వస్తోందంటే అది మూడ్ కాదు, సమాచారం. 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటి మీద గడిపితే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు గడిపారు. ఈ తేడా ఎవరి గొంతులోనైనా ఉండ కట్టిందంటే ఆ మనిషికి కావలసింది ప్రశాంతత కాదు, రాత్రి గిన్నెలు ఇంకొకరు కడగడం. గమనించడం వల్ల వచ్చే లాభం ఇక్కడే ఎక్కువ. గిన్నెలు విసిరికొట్టినప్పుడు మన మాట ఎవరూ వినరు, "మళ్ళీ మొదలైంది" అంటారు. అదే ఉక్రోషమని తెలుసుకుని, అది చల్లారాక, మర్నాడు కాఫీ తాగేటప్పుడు మామూలు గొంతుతో "ఏవండీ, రాత్రి గిన్నెలు ఇకనుంచి మీరూ బాబూ వంతులేసుకోండి" అంటే దాన్ని మూడ్ కింద కొట్టేయడం కష్టం. కొట్టేయాలని చూస్తారు, అది వేరే విషయం. ఇంకోసారి చెప్పాలి.

పిల్లల ముందు కూడా "ఏం లేదు" కంటే "అమ్మకి ఇవాళ చిరాగ్గా ఉంది, నీ మీద కాదు, ఓ అరగంట ఆగు" అనడం మంచిదని నా అభిప్రాయం. ఏం చెప్పకపోతే పిల్లలు అది తమ వల్లే అనుకుంటారు. నాలుగైదేళ్ళ పిల్లలకి కూడా బెంగకీ భయానికీ తేడా చెప్తే పట్టుకుంటారు. మగపిల్లలకి మరీ చెప్పాలి, లేకపోతే పెద్దయ్యాక వాళ్ళ దగ్గర కోపం అనే ఒక్క మాటే మిగులుతుంది.

చివర్లో చెప్తానన్న మాట. ఇదంతా వచ్చి పోయే మబ్బుల గురించే. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైన పనులు కూడా రుచించకపోవడం రెండు వారాలు దాటినా, నిద్రా తిండీ దెబ్బతిన్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా గిన్నెల దగ్గర ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. డబ్బులు అక్కర్లేదు, రాత్రి ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.