సకినం చుట్టాలంటే పది చేతులు కావాలి

మొన్న మా దగ్గరి చుట్టాల పెళ్ళి విందులో పాస్తా కౌంటర్ పెట్టారు. మెదక్‌లోనే, ఫంక్షన్ హాల్లో. తెల్లటోపీ అబ్బాయి పెనంలో ఎర్ర సాసు, తెల్ల సాసు కలిపి వేడివేడిగా ఇస్తుంటే పిల్లలు వరుస కట్టారు. మావాళ్ళలో ఒక పెద్దాయన చేతిలో ప్లేటు పట్టుకుని, ఆడవాళ్ళందరికీ వినబడేటట్టు అన్నాడు: "ఏం కాలమొచ్చెనమ్మా! మా అమ్మ ఉన్నప్పుడు పెండ్లంటే సకినాలు, అరిసెలు గంపలకు గంపలు. ఇప్పటి ఆడోళ్ళకు చెయ్యి వంగుతలేదు. అందుకే ఈ ఇటలోళ్ళ తిండి మన ఇండ్లల్లకు వచ్చింది."

అందరం నవ్వేశాం. ఇంటికొచ్చాక మాత్రం నాకు నవ్వు రాలేదు. అక్కడ అనలేని మాట ఇక్కడ అంటున్నాను.

ముందు ఆ ఇటలీ సంగతే చూద్దాం. మనలాగే అక్కడా ఒక్కో ఊరిది ఒక్కో వంట. దక్షిణాన బారి అనే పట్టణం ఉంది. దాని పాతబస్తీ సందుల్లో ఆడవాళ్ళు ఇంటి ముందు బల్లలు వేసుకుని, గోధుమపిండి ముద్దను చిన్న ముక్కలుగా కోసి, వేలితో నొక్కి చెవుల్లాంటి పాస్తా చేస్తారు. దాని పేరు ఒరెకియెట్టె, అంటే చిట్టిచెవులు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు, డబ్బిచ్చి కొనుక్కుపోతారు. నేపుల్స్ పిజ్జా సంగతీ అంతే. 2017లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది పిజ్జాకు కాదు, దాన్ని చేసేవాళ్ళ విద్యకు. తిండి నిలవాలంటే చేసే చెయ్యి నిలవాలని వాళ్ళకు తెలిసింది.

మనకు తెలియదా? 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన మన మెదక్ చర్చి కరువు రోజుల్లో జనానికి పని చూపించి అన్నం పెట్టడానికి పోస్నెట్ దొర కట్టించిందని ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్తారు. లోపల నేలమీది రంగుల పలకలు పరిచింది ఇటలీ మేస్త్రీలేనని కూడా చెప్పుకుంటారు. పనిచేసిన చేతికి అన్నం పెట్టాలన్న మాట అంత ఎత్తున మన కళ్ళముందే నిలబడి ఉంది. వంటింటి పని దగ్గరికొచ్చేసరికే ఆ మాట మరిచిపోతాం.

ఇప్పుడు సకినం గురించి. తినడం వచ్చినవాళ్ళకు చేయడం ఎట్లాగో కూడా తెలియాలి. బియ్యం రాత్రంతా నానాలి. నీళ్ళు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలపాలి. నేలమీద గుడ్డ పరిచి, పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు తిప్పాలి. కాస్త ఆరాక విరగకుండా లేపి నూనెలో వేయాలి. నడుము, మోకాళ్ళు, వేళ్ళు మూడూ పనిచేయాలి. నాలుగు కిలోల పిండికి ఒక్క మనిషి కూర్చుంటే పొద్దు పొద్దంతా అదే పని.

ఆ పెద్దాయన వాళ్ళమ్మ గంపలకు గంపలు చేసింది నిజమే. కానీ ఒక్కతే చేయలేదు. నా చిన్నతనంలో కూడా సంక్రాంతి ముందు మా వాడకట్టు ఆడవాళ్ళంతా ఈరోజు ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో కూర్చునేవాళ్ళు. పది మంది చుట్టేవాళ్ళు, ఇద్దరు కాల్చేవాళ్ళు. పాటలు, పరాచికాలు అన్నీ ఉండేవి. సకినం పది చేతుల వంట. ఇప్పుడు ఇంట్లో మిగిలింది రెండు చేతులు. అవే పిల్లల టిఫిన్ డబ్బా కట్టాలి, అత్తమ్మకు మందులు ఇవ్వాలి, కొందరికైతే ఉద్యోగానికీ పోవాలి.

కావాలంటే చూసుకోండి, మన ఇళ్ళల్లో ఏ వంటలు నిలిచాయో. సర్వపిండి నిలిచింది. మలీద నిలిచింది. రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి కలిపితే మలీద ముద్దలు అయిపోతాయి. అవి ఒక్క మనిషి చేసుకోగలిగిన వంటలు. పది మంది కావలసినవే పోయాయి. చెయ్యి వంగక కాదు, చేతులు తగ్గి.

"అమ్మ చేతి రుచి డబ్బులకు దొరకదు, అది ప్రేమతో చేసేది" అంటారు. ప్రేమ లేదని ఎవరన్నారు? ప్రేమతో చేసినా నడుము నొస్తుంది. పైగా డబ్బులిచ్చే దగ్గర మన ప్రేమ ఎంతో నాకు తెలుసు. మా వీధిలో ఒకామె ఆర్డర్ల మీద సకినాలు చేస్తుంది. పాస్తా కౌంటర్‌కు ప్లేటుకింత అంటే కిమ్మనకుండా ఇచ్చే మనం ఆమె దగ్గర బేరం మొదలుపెడతాం. ఎవరినో అనడం ఎందుకు, పోయినేడు నేనే కిలోకు ఇరవై రూపాయలు తగ్గించమన్నాను. తగ్గించింది. డబ్బులు అందుకుంటుంటే ఆమె ముంజేతి మీద నూనె చింది కాలిన మచ్చలు కనిపించాయి. ఆ ఇరవై రూపాయలతో నేనేం కొన్నానో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

అందుకని ఈ సంక్రాంతికి మా ఇంట్లో ముందే చెప్పేశాను. సకినాలు కావాలంటే టీవీ ఆపి, గుడ్డ చుట్టూ అందరూ కూర్చోవాలి. మా ఆయన, కొడుకు, కూతురు అందరూ. చుట్టు వంకర పోయినా ఫర్వాలేదు, నూనెలో పడ్డాక రుచి అదే. కూర్చోలేమంటారా, ఆ వీధిలో ఆమెకు చెప్పిన ధర ఇచ్చి తెచ్చుకుందాం. రెండూ కుదరవంటారా, పాస్తా తిందాం, అదీ మంచి తిండే. కానీ ప్లేటు పట్టుకుని ఆడవాళ్ళను అనడం ఇక కుదరదు.

ఆ పెద్దాయనను కూడా పిలుస్తున్నాను. పీట వేసి ఉంచుతా, వచ్చి కూర్చోమనండి.