గీత జరిపినదెవరు?

సంఘము వెలువరించు సంచికలో వేమనను గూర్చియు, త్యాగరాజును గూర్చియు, తెలుగు బడుల దుఃస్థితిని గూర్చియు వ్రాయుట ఆచారము. క్రికెట్టు వేలముపాటను గూర్చి వ్యాసమా యని పెద్దలు కొందఱు ముక్కుమీద వేలు వేసికొనవచ్చును. వారితో మాకు పేచీ లేదు. కాని చందాపురలోని తెలుగువారి యిండ్లలో వేసవి సాయంకాలములందు జరుగు సంభాషణలలో సగపాలు దేనిని గూర్చియో వారికిని తెలియును. హోసూరు రోడ్డునకు ఇరుప్రక్కల కాపురమున్న మన కుటుంబములలో ఒకే గదిలో తండ్రి హైదరాబాదు పక్షము, కొడుకు బెంగళూరు పక్షము. 2009 మే 24వ తేదీ రాత్రి, జొహానెస్‌బర్గులో దక్కన్ ఛార్జర్స్ జట్టు ఆఱు పరుగుల తేడాతో బెంగళూరును ఓడించి కప్పు గెలుచుకొన్నప్పుడు, ఏ యింట ఎవరు మిఠాయి పంచిరో, ఎవరు అన్నము మానిరో చెప్పుట కష్టము. ఆ దక్కన్ ఛార్జర్స్ 2012లో రద్దయినది. 2013 నుండి చెన్నై యజమానుల చేతిలో సన్‌రైజర్స్ అను క్రొత్తజట్టు హైదరాబాదు పేరున ఆడుచున్నది. అయినను మనవారి అభిమానము చెక్కుచెదరలేదు. దానినింకను ఎవరును వేలము వేయలేదు గదా!

ఆటగాండ్రను జట్లకు పంచు నియమములు మాటిమాటికి మాఱుట న్యాయమా యన్నదే మా ప్రశ్న. పల్లెలలో చెడుగుడు ఆడిన పెద్దలకు జట్లు పంచుకొను పద్ధతి గుర్తుండును. సమాన బలము గల యిద్దఱిద్దఱు ఉద్దులుగా కూడి, ఎడముగా పోయి, చెవిలో చెవిలో మాఱుపేర్లు పెట్టుకొని వత్తురు. "సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా?" యని నాయకుల నడుగుదురు. ఏ పేరు వెనుక ఎవడున్నాడో నాయకునకు తెలియదు. ముఖము చూచి కోరుటకు వీలు లేదు. ఒకవేళ వాడు కన్నుగీటి సైగ చేసినట్లు బయటపడినచో ఆ పంపకము చెల్లదు, మొదటినుండి మరల జరుగవలసినదే. పది పండ్రెండేండ్ల పిల్లలు, ఏ న్యాయశాస్త్రమును చదువనివారు, ఈ యేర్పాటు చేసికొనిరి.

ఇప్పుడు పెద్దల పంపకము చూతము. 2008 ఫిబ్రవరి 20వ తేదీన ముంబైలో తొలి ఐ.పి.ఎల్. వేలము జరిగెను. వ్యయమునకు ఒక హద్దు విధించి, ధనవంతుడైన యజమాని గొప్పవారినందఱిని దోచుకొనిపోకుండ కట్టడి చేసిరి. ఉద్దేశము మంచిది. నియమములు మాఱుటయు తప్పు కాదు. అనుభవము మీద దిద్దుకొనని నియమము మొండికట్టె వంటిది. మేము తప్పుపట్టునది వేఱు. అందఱు వచ్చి నిలుచున్న పిమ్మట, ఎవడు ఎక్కడ నిలుచున్నాడో చూచి, గీత జరుపుటను మేము తప్పుపట్టుచున్నాము.

2024 సెప్టెంబరు 28వ తేదీన మన బెంగళూరులోనే ఐ.పి.ఎల్. పాలకమండలి కూడి, 2025 మొదలు మూడేండ్లకు వర్తించు నియమములను ప్రకటించినది. ఒక్కొక్క జట్టు తన పాతవారిలో ఆఱుగురిని దక్కించుకొనవచ్చును. వేలమునకు ముందే అట్టిపెట్టుకొనువారి పేర్లు ఇచ్చుటకు గడువు అక్టోబరు 31. నెల దినములు దాటి మూడునాళ్లు మాత్రమే! ఆ నియమములలో నొకటి విచిత్రమైనది. అయిదేండ్లుగా భారతదేశము పక్షమున ఆడక, క్రికెట్టు బోర్డుతో ఒప్పందమును లేని స్వదేశీయుడు, పూర్వమెంత ఆడినవాడైనను, అసలు దేశమునకాడని వానిక్రింద జమ. అట్టివానిని నాలుగు కోట్లకే అట్టిపెట్టుకొనవచ్చును. ఈ నియమము మొదట ఉండి, నడుమ కొట్టివేయబడి, ఆ యేడు మరల ప్రాణము పోసికొన్నది. లోకులు దానికి ధోనీ నియమమని పేరు పెట్టుకొనిరి.

ధోనీ దేశము పక్షమున కడపట ఆడినది 2019 జూలైలో. 2022లో చెన్నై జట్టు ఆయనను పండ్రెండు కోట్లకు అట్టిపెట్టుకొన్నది. 2025కు నాలుగు కోట్లు. తగ్గిన సొమ్ము ఆయనదే గనుక ఆయనను నిందించుట మా యభిమతము కాదు. రాజస్థాను జట్టువారు సందీప్ శర్మను ఇదే నియమముక్రింద నిలుపుకొనిరి గనుక లాభపడినది ఒక్క చెన్నై మాత్రమే యనుటయు సరికాదు. కాని లెక్క చూడుడు. దేశమున కాడినవానిని అట్టిపెట్టుకొన్న జట్టునకు కనీసము పదునొకండు కోట్లు ఖాతాలో తఱుగవలెను. నియమములో ఒక్క వాక్యము వలన ఏడుకోట్లు మిగిలి, మఱియొక ఆటగానిని కొనుటకు చేతికి వచ్చినది. ఈ సైగను పిల్లల ఆటలో ఒప్పుకొందుమా?

ఆ నెలలోనే మన విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి సంగతి జరిగెను. సన్‌రైజర్స్ వారు 2023లో ఆయనను ఇరువది లక్షలకు తీసికొనిరి. 2024 అక్టోబరు 6వ తేదీన గ్వాలియరులో బంగ్లాదేశము మీద ఆయన తొలిసారి భారతదేశము పక్షమున ఆడెను. దానితో ఇరువదియొకటేండ్ల యా కుఱ్ఱవాడు అనుభవజ్ఞుల పట్టికలోనికి ఎక్కెను. రెండు ప్రపంచకప్పులు తెచ్చిన నలువదిమూడేండ్ల నాయకుడు క్రొత్తవారి పట్టికలోనికి దిగెను. కాగితము మీద ఏమైనను సాధ్యమే!

ఇందులో ఇంకొక మెలిక యున్నది. అట్టిపెట్టుకొన్న అయిదుగురికి వరుసగా పదునెనిమిది, పదునాలుగు, పదునొకండు, మరల పదునెనిమిది, పదునాలుగు కోట్లని నియమములో వ్రాసిరి. మొత్తము డెబ్బదియైదు. కాని ఆ డెబ్బదియైదును జట్టు తన యిచ్చవచ్చినట్లు పంచుకొనవచ్చును. కనుక సన్‌రైజర్స్ వారు క్లాసెన్‌కు ఇరువదిమూడు ఇచ్చి నితీశ్‌కు ఆఱు ఇచ్చిరి. హైదరాబాదు కుఱ్ఱవాడు తిలక్ వర్మకు ముంబైవారు ఇచ్చినది ఎనిమిది. వారిద్దఱును సమ్మతించియే సంతకము చేసిరి, ఆఱు కోట్లు అల్పధనమని మేమును అనము. అయితే పైకి పదునాలుగని చదివిన అంకె లోపల ఆఱుగా మాఱు నియమమును మన భాషలో నియమమందుమా?

దీనికి ఎదుట పెట్టి చూచుటకు మన యింటి దృష్టాంతమే కలదు. 2008లో ఒక్కొక్క నగరపు ప్రముఖునకు ఐకన్ హోదా ఇచ్చి, జట్టులో అత్యధిక మూల్యము పొందినవానికంటె నూటికి పదునైదు వంతులు అధికముగా ఇయ్యవలెనని నిర్ణయించిరి. టెండూల్కరు, గంగూలీ, ద్రావిడు, సెహ్వాగు, యువరాజు లకు ఆ హోదా కలిగెను. హైదరాబాదు ప్రముఖుడు వి.వి.యస్. లక్ష్మణ్. ఆ సొమ్ము తాను తీసికొన్నచో జట్టుకు మఱియొకరిని కొనుటకు చాలదని ఆయన ఆ హోదాను వదలుకొనెను. తనకొఱకు జరిపిన గీతను తానే చెఱిపిన మనుజుడు మాకు తెలిసినంతవఱకు ఆయనయే. జట్టు ఆ యేడు అట్టడుగున నిలిచి, మఱుసటి యేడు కప్పు తెచ్చినది. 2011లో నియమములు మాఱి నలుగురివఱకు అట్టిపెట్టుకొనవచ్చునన్నప్పుడు ఆ జట్టు ఒక్కరినైనను అట్టిపెట్టుకొనలేదు. లక్ష్మణ్ కొచ్చికి పోయెను.

ఇట్టి తగవు మన దేశమునకే పరిమితము కాదు. మన బంధువుల బిడ్డలెందఱో స్థిరపడిన ఆస్ట్రేలియాలో, కోడిగ్రుడ్డు వంటి బంతితో పక్షమునకు పదునెనిమిదిమంది ఆడు ఫుట్‌బాలు ఒకటి కలదు. అక్కడ వేలము లేదు, డ్రాఫ్టు కలదు. వెనుకటి యేడు అట్టడుగున నిలిచిన జట్టు క్రొత్తవారిలో మొదటివానిని ఎన్నుకొనును; పిమ్మట దానిపైజట్టు, ఆపై దానిపైజట్టు. ఈ వరుసకు కొన్ని మినహాయింపులుండెను. ఒకటి, తండ్రి నూఱు ఆటలాడిన జట్టు అతని కొడుకును ముందుగా కోరవచ్చును. రెండవది, ఆదివాసుల బిడ్డలను, పరదేశములనుండి వచ్చిన కుటుంబముల బిడ్డలను ఆటలోనికి తెచ్చుటకు ఒక్కొక్క జట్టు శిక్షణాలయములు నడపి, అందు పెరిగిన వానిని తాను ఉంచుకొనవచ్చును.

2020లో ఆ రెండవ మినహాయింపు క్రింద వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టు ఉగుల్-హేగన్ అను ఆదివాసి యువకుని మొదటి యెంపికగా పొందెను. వెంటనే గోల పుట్టెను, నియమము మాఱెను: మఱుసటి యేడు మొదటి యిరువది యెంపికలలో ఎవరైనను ఆ పిల్లలను కోరినచో పెంచిన జట్టునకు హక్కు లేదు. 2021లో మాక్ ఆండ్రూ అను దక్షిణ సూడాను కుటుంబపు యువకుడు, మెల్బోర్న్ జట్టు శిక్షణాలయమున పెరిగినవాడు, అయిదవ యెంపికగా గోల్డ్ కోస్టునకు పోయెను. ఆ యేడు మెల్బోర్నే విజేత, విజేతకు మేలైన పిల్లవాడు మరల దేనికని వాదింపవచ్చును. సబబే. అయితే అదే దినమున, ఆ యేటి తుదిపోటీలో రెండవ స్థానమున నిలిచిన బుల్‌డాగ్స్‌కు రెండవ యెంపికగా శామ్ డార్సీ ఎట్లు దక్కెను? కాలింగ్‌వుడ్‌కు నాలుగవ యెంపికగా నిక్ డైకోస్ ఎట్లు దక్కెను? వారి తండ్రులు ఆ జట్ల పూర్వపు ఆటగాండ్రు గనుక. పుట్టుకవలన వచ్చిన మినహాయింపు నిలిచినది, వలసవచ్చినవాని బిడ్డకు వేసిన మెట్టు విఱిగినది! 2024లో ఆ హక్కును మరల ఇచ్చిరి. నడుమ మూడేండ్లలో పదునెనిమిది నిండిన పిల్లలకు ఆ మరల ఇచ్చుటతో పనియేమి? పరాయి రాష్ట్రమున మూడు తరములుగా కాపురముండి, మీరెక్కడివారను ప్రశ్నకు నేటికిని సమాధానము చెప్పుచున్న మనకు ఈ సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు.

అయినను ఆస్ట్రేలియావారికి ఒక్క మేలు కలదు. అక్కడి ఫుట్‌బాలు ఆటగాండ్రకు 1973 నుండి సంఘమున్నది. నియమము మాఱినప్పుడు అది బోర్డుతో కూర్చుండి మాటలాడును. మనకు 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘము ఆట చాలించినవారికి మాత్రమే. ఆడుచున్నవానికి నోరు లేదు. 2010లో రవీంద్ర జడేజా తన ఒప్పందమును గూర్చి వేఱొక జట్టుతో స్వయముగా మాటలాడెనని ఒక యేడు ఆటనుండి బహిష్కరించిరి. దేశమునకాడని స్వదేశీయులకు ముప్పది లక్షలు మించరాదని కొన్నేండ్లు కట్టడి యుండెను. అంబటి రాయుడు వంటి ఆరితేరిన బ్యాటుగాండ్రు ఆ కట్టడిక్రిందనే ఆడిరి. 2014లో వారిని వేలములోనికి తెచ్చువఱకు తమ వెల ఎంతయో వారికే తెలియదు.

ఇది యజమానుల సొంత సొమ్ముతో జరుగు వ్యాపారము, అడుగుటకు మీరెవరు అనువారున్నారు. సొమ్ము యజమానులదే, కాదనము. ఆటగాడు ఎవరి సొమ్ము? ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతమున తెల్లవాఱక మునుపే స్కూటరు వెనుక కిట్టుసంచితో కొడుకును కూర్చుండబెట్టుకొని శిక్షణకు తీసికొనిపోవు తండ్రులను మేమెఱుగుదుము. వారిలో నూటికి తొంబదితొమ్మండుగురి బిడ్డలు ఏ వేలమునను నిలువరు. ఆ సంగతి వారికిని తెలియును. కాని ఏ వయస్సున ఏమి సాధించినచో ఏ ద్వారము తెఱచుకొనునో ముందుగా తెలియుట వారి హక్కు. ఓడుట వేఱు, మోసపోవుట వేఱు. హైదరాబాదు సిరాజును ఏడేండ్ల పిమ్మట బెంగళూరు జట్టు విడిచిపెట్టినప్పుడు మన యిండ్లలో బాధపడనివారు లేరు. అయినను అది అన్యాయమని మేమనలేదు. బెంగళూరువారు వద్దనుకొనిరి, గుజరాతువారు పండ్రెండుంబాతిక కోట్లకు కావలెననిరి. గీత అక్కడనే యున్నది.

మేము కోరునది ఇంతే. 2027తో ఈ మూడేండ్ల గడువు ముగియును. ఆపై వచ్చు నియమములు వేలమునకు రెండు నెలల ముందు గాక కనీసము ఒక యేడు ముందు వెలువడవలెను. ఆడుచున్నవారి ప్రతినిధి ఆ గదిలో కూర్చుండవలెను. ఒకరి ముఖము చూచి వ్రాసిన వాక్యమును చించివేయవలెను.

ఇంత వ్రాసి మా సంగతి దాచుట న్యాయము కాదు. మొన్నటి సంక్రాంతికి మన పిల్లల క్రికెట్టు పోటీకి జట్లు ఉద్దుల పద్ధతిననే పంచితిమి. ఆ రాత్రి పట్టిక చూచిన పెద్దలకు, అనంతపురమునుండి క్రొత్తగా వచ్చిన కుటుంబపు పిల్లవాడొకడు, ఎడమచేతి బౌలరు, అవతలి జట్టున పడినట్లు తెలిసెను. మూడేండ్లు నివాసము లేనివారు మొదటి జట్టులో ఆడరాదని అప్పటికప్పుడు తీర్మానించితిమి. చేతులెత్తినవారిలో మేమును ఉంటిమి. మఱునాడు ఆ పిల్లవాడు బూట్లు వేసికొని మధ్యాహ్నమువఱకు రోలరుమీద కూర్చుండెను. ప్రక్కనుండి పోవుచుండగా, "తాతగారూ, నిన్నటి రూలు ఏమైందండీ?" యని అడిగెను. ఏదో సమాధానము చెప్పితిమి. ఏమి చెప్పితిమో ఇప్పుడు గుర్తులేదు.

వచ్చు సంక్రాంతి నియమములను దసరానాటికే సంఘము గోడకు అంటింపవలెననియు, ఆపై ఎవరును దిద్దరాదనియు కార్యవర్గమునకు ఉత్తరము వ్రాసియిచ్చితిమి. అది ఇంకను కార్యదర్శిగారి బల్లమీదనే యున్నది.