మీట మన చేతిలోనే ఉండాలి

వీడ్కోలు పార్టీ అనగానే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట, "ఫోటో బూత్ ఎవరికి ఇద్దాం?" అని. డబ్బిస్తే వాళ్లే వస్తారు, డబ్బా పెడతారు, రాత్రికి సర్దుకుని వెళ్లిపోతారు. ఆ డబ్బా మనమే ఎందుకు తయారు చేసుకోకూడదన్నది నా ప్రశ్న. నాలుగు డబ్బులు మిగులుతాయని కాదు ఈ మాట అడగడం. ఎవరి ఫోటో వారి చేతిలో ఉండటమన్నది చిన్న విషయం కాదు కనుక అడుగుతున్నాను.

ఈ యంత్రం పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. సైబీరియాలో పుట్టి అమెరికా చేరిన అనటోల్ జోసెఫో 1925లో న్యూయార్కు బ్రాడ్‌వేలో 'ఫోటోమాటన్' తెరిచాడు. పాతిక సెంట్లకు ఎనిమిది ఫోటోలు! కెమెరా వెనక ఫోటోగ్రాఫరు అక్కరలేదు. 1995లో జపానులో వచ్చిన 'ప్రింట్ క్లబ్' యంత్రం మరో అడుగు ముందుకేసి, బొమ్మ చుట్టూ ఏ అలంకారం ఉండాలో కూడా దిగేవాళ్లనే ఎంచుకోమంది. మన జాతరల్లో అట్ట విమానంలో కూర్చుని, తాజ్‌మహల్ తెర ముందు నిలబడి ఫోటో దిగిన పెద్దలు మన ఇళ్లలోనే ఉన్నారు. అక్కడ ముచ్చటంతా మనదే గాని, మీట మాత్రం ఫోటోగ్రాఫరుది. అందుకే ఈసారి పార్టీని జాతరలా జరుపుదాం, మీట మనం తీసుకుందాం.

తయారీ బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక ప్లైవుడ్ పెట్టె, అందులో లాప్‌టాప్, వెబ్ కెమెరా. పాత మౌసు విప్పి, ఎడమ మీట కింది స్విచ్చికి రెండు తీగలు సోల్డరు చేసి, ఓ పెద్ద ఎర్ర బటనుకు కలపాలి. బటను నొక్కితే మౌసు నొక్కినట్టే. తెరమీద 'మూడు, రెండు, ఒకటి' అని చూపించి ఫోటో తీసే ప్రోగ్రాము మన కంప్యూటర్స్ వాళ్లు రాయలేరా? దీపం నెత్తిమీద పెడితే కళ్ల కింద నీడలు పడి అందరూ జ్వరం పడి లేచినట్టుంటారు. ముఖం ఎత్తున రెండు పక్కలా దీపాలు పెట్టి, కాస్త ఎడంగా ట్రేసింగ్ కాగితం కట్టాలి. తెరమీద అద్దంలోలాగే కనిపించాలి, లేకపోతే కుడికీ ఎడమకీ తడబడతాం. అచ్చులో మాత్రం తిప్పెయ్యాలి, లేకపోతే వెనక బోర్డు మీద అక్షరాలు తిరగబడతాయి. బటనుకు పొడుగు తీగ ఉంటే చక్రాల కుర్చీలో ఉన్న మిత్రుడు కూడా ఒళ్లో పెట్టుకుని తానే నొక్కుతాడు.

"అందరి చేతుల్లో సెల్లుండగా ఇదెందుకయ్యా?" అంటారు కొందరు. సెల్లులో తీసిన బొమ్మ వేల బొమ్మల్లో పడి కనిపించదు. అదీగాక, ఆ సెల్లు ఎవరిదైతే ఫోటో వారిదే. ఇక్కడ 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు కాగితాన్ని నిలువునా కోస్తే రెండు పట్టీలు వస్తాయి. ఒకటి దిగినవారికి, రెండోది వారు ఒప్పుకుంటేనే యూనియన్ ఆల్బంలోకి, పక్కన చేవ్రాలుతో.

ఒప్పుకుంటేనే అన్న మాట ఊరికే అనలేదు. అద్దె డబ్బాలో దిగిన ఫోటో ఎవరి కంప్యూటరులో ఎన్నాళ్లుంటుందో మనలో ఎవరడుగుతున్నారు? గ్రూపు ఫోటో అనగానే వెనక్కి జరిగే ఆడపిల్లల్ని చూసి "సిగ్గు" అని నవ్వేస్తాం. ఆ బొమ్మ రేపు ఎవరి చేతిలో పడుతుందోనన్న జంకు అందులో ఎంతుందో ఆలోచించం. మన డబ్బాకు ఇంటర్నెట్టు ఉండకూడదు. పార్టీ ముగిశాక అందరి ఎదుటా ఫోటోలు చెరిపెయ్యాలి. ఈ రెండు నిబంధనలూ పెట్టె మీదే పెద్దక్షరాలతో రాసి ఉండాలి.

చదువు పాడవుతుందని అధ్యాపకులు బెంగపడనక్కరలేదు. కాంతి, పరావర్తనం ఫిజిక్సు పిల్లలవి, ఖర్చుల పద్దు కామర్సు వారిది, జాతర బోర్డుల మీద చమత్కారాలు తెలుగు శాఖవి. ఒక్క పెట్టె చుట్టూ ఇన్ని శాఖలవాళ్లు కలిసి కూర్చునే అవకాశం ఏడాదిలో మనకు ఎన్నిసార్లు వస్తోంది?

యూనియన్ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే బడ్జెట్టులో బూత్ అద్దె పద్దు కొట్టేసి, దాని స్థానంలో సామాను పద్దు రాయించండి. రెండో సంవత్సరం వాళ్లను ఇప్పటినుంచే పనిలో దించండి. మనం వెళ్లిపోయినా పెట్టె ఇక్కడే ఉంటుంది, దాన్ని విప్పి బాగుచేయగలిగిన వాళ్లూ ఉంటారు.