అంగుళం తేడా... 23 బస్తాలు!

నర్సీపట్నంలో స్లాబు వేయబోయే ఏ ఇంటి యజమానైనా మొదట అడిగేది ఒకటే: ‘ఎన్ని బస్తాలు తెప్పించమంటారు?’ మేస్త్రీ అనుభవంతో ఠక్కున ఓ అంకె చెప్పేస్తాడు. అదే ప్రశ్న సివిల్ డిప్లొమానో, బీటెక్కో చదివినవాళ్లని అడిగితే చాలామంది చేయి ఫోన్ మీదికే పోతుంది. ఇంటర్వ్యూ గదిలో ఆ ఫోన్ ఉండదు.

లెక్క కష్టమైందేం కాదు. 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న స్లాబుకు 500 ఘనపు అడుగులు, అంటే సుమారు 14.16 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. ఇక 1:1.5:3 పాళ్ల ఎం20 మిశ్రమం చూద్దాం. నీళ్లు కలిపి పోశాక ఒక ఘనపు మీటరు రావాలంటే పొడి సరుకు 1.54 ఘనపు మీటర్లు ఉండాలి. దాన్ని 5.5 భాగాలు చేస్తే సిమెంటు వాటా 0.28 ఘనపు మీటరు. 1,440తో గుణిస్తే 403 కిలోలు. దాదాపు 8 బస్తాలు. మొత్తం స్లాబుకు 113. ఇసుక దీనికి ఒకటిన్నర రెట్లు, పిక్క మూడు రెట్లు, ఘనపరిమాణంలో.

సెంట్రింగ్ సరిగా లేక మందం 6 అంగుళాలైందా? 136 బస్తాలు కావాలి. మధ్యాహ్నం సరుకు అయిపోయి పని ఆగితే, గట్టిపడిన కాంక్రీటుకీ తర్వాత పోసినదానికీ మధ్య అతుకు పడుతుంది. వానాకాలంలో నీరు కారేది అక్కడే. అతిగా తెప్పిస్తే మిగిలిన సిమెంటు చెమ్మకి గడ్డకడుతుంది. రెండింటా పోయేది ఇంటివాళ్ల అప్పు డబ్బే.

‘సాఫ్ట్‌వేర్ ఉందిగా’ అంటారు కొందరు. ఉంది. కానీ 15 అంగుళాల బీములో పైనున్న 5 అంగుళాలు స్లాబు లెక్కలోకి వచ్చేశాయని గుర్తించి, 10 అంగుళాలే కలపాల్సింది మనిషే. కొలత తప్పు ఇస్తే కంప్యూటర్ తప్పునే చక్కగా అచ్చువేస్తుంది.

2019 జనవరిలో పోలవరం ప్రాజెక్టులో 24 గంటల్లో 32,315.5 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. మన స్లాబులు సుమారు 2,280 అన్నమాట! అంత పనికైనా మూలం పొడవు, వెడల్పు, మందమే. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఎం-బుక్‌లో రాసేదీ, ప్రైవేటు కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్ చూసేదీ అవే.

కాబట్టి ఈ నెలలోనే ఒక పని చేయండి. మీ వీధిలో కడుతున్న ఇంటి ప్లాను అడిగి తీసుకోండి. ఫుటింగులు, స్తంభాలు, బీములు, స్లాబు విడివిడిగా చేత్తో లెక్కకట్టండి. స్లాబు వేసే రోజు అక్కడే నిలబడి ఖర్చయిన బస్తాలు లెక్కపెట్టండి. మీ అంకెకీ దానికీ తేడా ఎందుకొచ్చిందో మేస్త్రీని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. అలా మూడు ఇళ్ల లెక్కలున్న నోటుబుక్కు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల పక్కన పెట్టండి. ఎదుటివారు ముందు తెరిచేది దాన్నే కావచ్చు.