మనుషులున్న దారి

కిందటి చలికాలం ఫ్లెమింగోలను చూడాలని సైకిల్ మీద పులికాట్ వెళ్ళాను. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద, రెండు పక్కలా నీళ్ళ మధ్య, అటకానితిప్ప దాకా పోయి సాయంత్రం వెనక్కి వచ్చాను. అక్కణ్ణుంచి తడకి దారి కోసం ఫోన్ తీశాను. సైకిల్ తొక్కేవాళ్ళకోసమే తయారుచేసిన యాప్ అది. హైవే వద్దని, సరస్సు వారగా పోయే మట్టిదారి చూపించి ‘ప్రశాంతమైన మార్గం’ అంది.

టీకొట్టు ఆవిడ ఫోన్ వంక చూడలేదు, ఆకాశం వంక చూసింది. “పొద్దు గూకతా ఉండాది, ఆ దావన పోబాకమ్మా. అంతా సర్కారు తుమ్మ. ఊర్లోంచి పో, మనుషులుంటారు” అంది.

“చుట్టు కదక్కా?”

“చుట్టయితే ఏమాయ?”

ఈ యాప్‌లకు దూరం తెలుసు, ఎత్తుపల్లాలు తెలుసు, వాహనాల రద్దీ తెలుసు. ప్రమాదమంటే లారీ గుద్దడం ఒక్కటే వాటి లెక్కలో. కార్లు లేని దారి మగవాడికి ప్రశాంతం కావచ్చు. మనుషులు లేని దారి మనకు ప్రశాంతమా?

2018 జనవరిలో స్ట్రావా హీట్‌మ్యాప్ వల్ల సైనిక స్థావరాలు బయటపడ్డాయని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. కనబడకూడనివాళ్ళు కనబడుతున్నారన్న గోల అది. కనబడనివాళ్ళ గురించి గోల ఏదీ? తమ ప్రయాణాన్ని నమోదు చేసుకున్నవాళ్ళ దారే ఆ పటంలో వెలుగుతుంది. ప్రభుత్వమిచ్చిన సైకిల్ మీద బడికి పోయే పిల్ల దారి వెలగదు. యాప్ ఉన్న నేను కూడా ఇల్లెక్కడో తెలిసిపోతుందని నా ప్రయాణాలు దాచుకుంటాను. మనం లేని పటాన్ని చూపించి, అందరూ వెళ్ళే దారి ఇదేనంటారు!

సైకిల్ మనకు కొత్త కాదు. 1990ల మొదట్లో పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటే వేలమంది స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లాలో చదువుల కేంద్రాల్లోంచి సారా వ్యతిరేకోద్యమం లేచింది. 2022 దాకా ఈ సూళ్ళూరుపేట ఆ జిల్లాలోదే. అక్షరం ఒకచోట సైకిలెక్కించింది, మరోచోట సారా దుకాణం మూయించింది. వాళ్ళకెవరూ దారి గీసివ్వలేదు.

స్త్రీలకు వేరే ‘సేఫ్ రూట్’ బటన్ పెడితే సరిపోతుంది కదా అంటారు. నాకది వద్దు. రేపు తండ్రి చేతిలో, హాస్టల్ వార్డెన్ చేతిలో అది ఆంక్షల జాబితా అవుతుంది. ప్రమాదమని ఎర్రరంగు పూసేది ఎవరి వాడకో, ఆ వాడ ఏ కులానిదో మనకు తెలియదా? 2011లో వచ్చిన ‘వై లాయిటర్?’ పుస్తకంలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే వాదించింది షరతుల మీద దొరికే రక్షణ కోసం కాదు, రిస్కు తీసుకునే హక్కు కోసం.

నాకు కావలసింది సమాచారం. దీపాలున్నాయా? మరుగుదొడ్డి ఎక్కడ? కొట్టు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది? 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇవి రాసే చోటు ఉంది, ఎవరైనా రాయవచ్చు. చాలా సైకిల్ యాప్‌లకు ఆధారం ఆ పటమే. ఖాళీలు మనం నింపుదాం. వాటిని దారి లెక్కలోకి తీసుకోమని యాప్‌లవాళ్ళను నిలదీద్దాం. పోవాలో వద్దో తేల్చుకునేది మాత్రం మనమే.

ఆరోజు ఊళ్ళోంచే పోయాను. కానీ పొద్దు గూకే వేళ ఆ నీళ్ళ పక్కన సైకిల్ తొక్కాలని నాకూ ఉంది. చుట్టుదారి చూపించి ఊరుకోమంటే ఊరుకోను. ఆ మట్టిదారిలో దీపాలుండాలి, మనుషులుండాలి. ఆ మనుషుల్లో ఆడవాళ్ళుండాలి.