కలిమికి కొలబద్ద

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో ఒక కుటుంబము స్థితిగతులను విచారింపవలసి వచ్చినప్పుడు, విశేషించి పిల్లనిచ్చువారు, మొన్నమొన్నటి వరకు "ఎన్నెకరాలు?" అని అడుగుచుండిరే గాని "ఏడాదికెంత వచ్చును?" అని అడిగినవారు అరుదు. ఇప్పుడా ప్రశ్న "ప్యాకేజీ ఎంత?" అని మారినది. పెండ్లి మాటలలో వచ్చిన యీ మార్పును నేను ఆక్షేపింపను. సెంటు భూమి లేని యింటి బిడ్డ చదువుచేత తలయెత్తి నిలుచుట సంతోషింపదగినదే. కాని ప్రభుత్వము సైతము కలిగినవారెవరో, కుదురుగా బ్రదుకువారెవరో తేల్చుటకు వార్షికాదాయమునే ప్రధానమైన కొలబద్దగా పట్టుకొనుట మన కృష్ణా డెల్టాలో పెద్ద అన్యాయమునకు దారితీయుచున్నదని నా దృఢవిశ్వాసము.

ఆ కొలబద్దలైనను ఒకదానితో నొకటి పొసగవు. రాష్ట్రమున 2019లో ఏర్పరచిన నిబంధనల ప్రకారము బియ్యం కార్డు పొందవలెనన్న కుటుంబపు నెలసరి ఆదాయము గ్రామములో 10,000, పట్టణములో 12,000 రూపాయలకు మించరాదు. అదే సంవత్సరము 103వ రాజ్యాంగ సవరణతో ఏర్పడిన ఆర్థిక బలహీన వర్గాల రిజర్వేషనుకు హద్దు ఏడాదికి 8 లక్షలు. 2025 బడ్జెట్టు తరువాత, కొత్త విధానమును ఎంచుకొన్నవారికి 12 లక్షల వరకు ఆదాయపు పన్నే లేదు. తెనాలి చెంతనున్న నందివెలుగు గ్రామములో నెలకు 11 వేలు తెచ్చుకొను కూలివాని యిల్లు ఒక పట్టికలో పేదరికపు గీత దాటిపోగా, నెలకు 65 వేలు ఆర్జించు ఉద్యోగి మరియొక పట్టికలో బలహీనుడగుచున్నాడు! ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి 2022లో వెలువరించిన అసమానతల నివేదిక, నెలకు 25 వేలు సంపాదించువాడు దేశములోని వేతనజీవులలో పై పదవవంతున చేరునని తెల్పినది. అట్టి పై పదవవంతువానికి కూడ ఈ దేశమున పిల్లల కళాశాల రుసుము కట్టుటకు అప్పు చేయక తప్పుట లేదు.

ఇక భూమి సంగతి. నందివెలుగు చేరువ కాలువ పారుదల క్రింద 10 ఎకరముల మాగాణి గల యజమాని దానిని ఎకరమునకు 75 కిలోల బస్తాలు ఇరువది చొప్పున కౌలుకిచ్చినాడనుకొందము. ఏటికి వచ్చు 200 బస్తాలను 2025–26 కనీస మద్దతు ధర యగు క్వింటాలుకు 2,369 రూపాయలతో గుణించిన 3,55,350 రూపాయలగును. ఆదాయమును మాత్రమే చూచువానికి ఇతడు తెనాలిలోని చిన్న ఉద్యోగికి సమానుడు. ఎకరము కోటి పలికిన పక్షమున ఆ యజమాని చేతిలోనున్నది పది కోట్ల ఆస్తి. అందులో ఒక్క యెకరమమ్మినను, నెలకు 50 వేల వ్యయముతో పదునారు సంవత్సరములు నిశ్చింతగా జరుపుకొనవచ్చును. పైగా ఆ కౌలు సొమ్ము వ్యవసాయాదాయముగా పరిగణింపబడుటచే, యజమాని హైదరాబాదులో నున్నను, డల్లాసులో నున్నను, మన దేశపు ఆదాయపు పన్ను దాని జోలికి రాదు. మరణానంతరము సంక్రమించు ఆస్తిపై పన్ను 1985లో పోయినది. సంపద పన్ను 2015లో పోయినది. ఆస్తి యను మాటనే మన పన్ను వ్యవస్థ క్రమముగా మరచిపోయినది.

పూర్వము మరవలేదు. 1973 నాటి భూసంస్కరణల చట్టము కుటుంబమునకు గరిష్ఠ పరిమితిని మాగాణియైన నేల తరగతిని బట్టి 10 నుండి 27 ఎకరములుగను, మెట్టయైన 35 నుండి 54 ఎకరములుగను నిర్ణయించినది. ఆ చట్టము అమలులో ఎన్ని లోపములున్నను, కృష్ణ నీరు పారు నేలకును వానచినుకుకై ఎదురుచూచు నేలకును గల అంతరమును అది గుర్తెరిగినది. నేడు బలహీన వర్గాల రిజర్వేషనుకు కేంద్రము పెట్టిన 5 ఎకరముల హద్దులో ఆ వివేకము లేదు. తెనాలి డెల్టా మాగాణి ఐదెకరములు, అనంతపురపు మెట్ట ఐదెకరములు దానికొక్కటే.

ఈ నేలకు ఇంత విలువ ఎట్లు వచ్చినదో కూడ తలపోయవలెను. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ శవాలదిబ్బయైనది. ఆ దారుణము మరల రాకుండుటకై బెజవాడ వద్ద కృష్ణకు అడ్డముగా 1855 నాటికి ఆనకట్ట పూర్తికాగా, దుగ్గిరాల మీదుగా సాగిన కాలువలు ఈ పొలములను మాగాణిగా మార్చినవి. 1957లో ప్రకాశం బ్యారేజి, తరువాత నాగార్జునసాగరము, 2014 తరువాత రాజధాని సామీప్యము – ఇవన్నియు ప్రజాధనముతో, ప్రభుత్వ నిర్ణయములతో ఒనగూడిన విలువలు. యజమానుల తాతముత్తాతల కష్టమును నేను చిన్నబుచ్చను; బోదెలు తీసినదీ, గట్లు వేసినదీ వారే. కాని ఎకరము లక్షలనుండి కోట్లకు పోవుటలో సంఘపు పాలు లేదనుట సత్యము కాదు.

ఈ నేలను నిజముగా దున్నువాడు తరచుగా కౌలురైతు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన చేలును, పనలమీద నున్న వరియు నీట నానిపోయినవి. పెట్టుబడి కౌలురైతుది, నష్టమును అతనిదే. కౌలు బస్తాలు మాత్రము ముందే మాట్లాడుకొన్నవి. జాలిగుండె గల యజమానులు కొందరు తగ్గింతురు, కొందరు తగ్గింపరు. అది దయకు వదలివేయబడిన విషయము. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టము క్రింద సాగుదారు హక్కు పత్రమునకు యజమాని అంగీకారము కావలెను గనుక, పత్రము లేని కౌలురైతుకు పంట రుణము, నష్టపరిహారము అందుట దుర్లభమగుచున్నది. మంచి యేడు అతని చేతికి వచ్చిన మొత్తము యజమాని కౌలుకంటె ఎక్కువగా కనిపించినను, అతడు యజమానికంటె కలిగినవాడా?

కనుక ఏడాదికెంత వచ్చునని యడుగుటకంటె, పని నిలిచిపోయిన నాడు ఆ యిల్లు ఎంతకాలము సాగునని యడుగుట న్యాయము. తెనాలిలో నలుగురున్న కుటుంబము నెలకు 50 వేలతో మర్యాదగా జీవింపగలదని నా అభిప్రాయము. ఆ మొత్తము తెచ్చుకొనుచు, జబ్బుచేసినను ఒకటి రెండేండ్లు అప్పు లేకుండ నిలువగలిగినవారు కుదురైనవారు. రెక్కలాడకున్నను బిడ్డ పుట్టినది మొదలు చదువు ముగియు వరకు, అనగా సుమారు ఇరువదియేండ్లు, అదే తీరున సాగింపగల ఆస్తి గలవారు, జీతము ఎంతయైనను, కౌలు ఎంతయైనను, ధనికులే. వచ్చు పంటవరకైనను ఆగలేనివాడు, ఒక యేడు ఆరు లక్షలు చూచినను, పేదవాడే.

ఈ కొలతను ఆచరణలో పెట్టుటకు మార్గమున్నది. వ్యవసాయాదాయముపై పన్ను వేయు అధికారమును రాజ్యాంగము రాష్ట్రములకే ఒసగినది. 1972లోనే ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము కమతముల విలువను బట్టి పన్ను విధింపవలెనని సూచించినది. ఎకరము, రెండెకరముల కౌలుపై ప్రాణములు నిలుపుకొను వితంతువుల, వృద్ధదంపతుల జోలికి పోరాదు. స్వయముగా సాగుచేయువానిని తాకరాదు. సాగుచేయక పది యెకరముల డెల్టా మాగాణిపై కౌలు పొందువారినుండి స్వల్పమైన పన్ను గ్రహించి, ఆ సొమ్మును ఆయా మండలములలోని కౌలురైతుల పంటల బీమాకు వెచ్చించుటకు అమరావతిలోని శాసనసభ పూనుకొనవలెను. 2011 నాటి సాగుదారుల చట్టమున వలె యజమాని సంతకముతో నిమిత్తము లేకుండ గ్రామసభ విచారణపై సాగుదారునకు పత్రమిచ్చు పద్ధతిని, రానున్న సార్వాకు ముందే పునరుద్ధరింపవలెను.