ఫైలు లేదా? కానరాదా?

కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములలో అగ్గిపెట్టెల పని నెఱుగని యిల్లు అరుదు. పెట్టె ప్రక్కనున్న ఎఱ్ఱ భాస్వరపు పూతపై గీచినగాని పుల్ల వెలుగదు. అంతమాత్రమున పుల్లను పారవేయము గదా! లినక్సు కంప్యూటరులో ఆటయు నట్టిదే. తెర కొలతను, ధ్వనిని, మీటల యమరికను తెలుపు కాన్ఫిగరేషన్ ఫైలు దొరకనిచో కొన్ని ఆటలు మొదలే కావు.

అట్టియెడ బాలురు ఆటను తీసివేసి మరల నెక్కింతురు. అది తొందరపాటని మా యభిప్రాయము. టెర్మినలు నుండి నడిపినచో, ఏ ఫైలు ఎచట దొరకలేదో ఒక యింగ్లీషు వాక్యము తఱచుగా తెలుపును. అది మందలింపు కాదు, చిరునామా. దానిని మాటమాటగా చదివి తెలుగున చెప్పుకొనవలెను.

పిదప మూడు సంగతులు చూడవలెను. లినక్సులో ఇంగ్లీషు పెద్ద యక్షరము వేఱు, చిన్న యక్షరము వేఱు. ఒక్కటి మారినను ఫైలు దొరకదు. చుక్కతో మొదలగు పేరుగల ఫోల్డరు సాధారణముగా కనబడదు; దానిని వేఱుగా చూపుమని కోరవలెను. కొన్ని ఆటలను వాని ఫోల్డరునుండి గాక మఱియొక చోటినుండి నడిపినచో, ఉన్న ఫైలే లేనిదగును.

తల్లిదండ్రులారా! ఆటయే గదా యని కసరకుడు. ఇంట తెలుగును, 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి బడిలో తమిళమును, వానితో ఇంగ్లీషును మోయుచున్న మన బిడ్డలు తెరపై పరభాషా వాక్యమును జూచి వెనుదీయరాదు. లోపమెచటనో తన భాషలో చెప్పగలిగిన బిడ్డకు ఏ యంత్రమును పరాయిది కాదు.